గుర్తు పెట్టని చీరలు

పొద్దున్నే కాఫీ కూడా తాగకముందే సుధాకరన్ నల్లజీడి గింజను సూదితో పొడిచేవాడు. ఊరిన రసాన్ని సూదిమొనతో అందుకుని, బట్ట మూలన ఒక గీత గీసి, దానిమీద రవ్వంత సున్నం అద్దేవాడు. గీత నల్లబడేది. ఇంక ఆ నలుపు బట్ట చినిగి పీలికలయ్యేదాకా పోదు. ముత్యాలుపేటలో వాళ్లు ఉతికే నలభై ఇళ్లకూ నలభై గుర్తులు. ఒకరికి మూడు చుక్కలు, ఇంకొకరికి గీతమీద కొక్కెం. అక్షరం ముక్క రాని వాళ్ల నాయన చెల్లప్పన్‌కు అవన్నీ కంఠతా వచ్చు. ఇప్పుడు ఆయన కళ్లకు పొర కమ్మింది, సూది కొడుకు చేతికి వచ్చింది.

ఆ గుర్తు పడిన బట్టలు పొద్దు గూకగానే ఇల్లు చేరేవి. రేవులో మరిచిన తువ్వాలైనా, గాలికి పక్కింట్లో పడ్డ రవికైనా, దీపాలు పెట్టే వేళకు లేచి, మనిషెత్తున తేలుతూ పోయి తమ ఇంటి దండెం మీద వాలేవి. సైకిళ్లమీద వచ్చేవాళ్లు తల వంచి దారిచ్చేవాళ్లు. ఒంటిమీద బట్టయితే మనిషినే ఇంటివైపు లాగేది, చంటిబిడ్డ కొంగు పట్టుకుని లాగినట్టు. ఉప్పెన వచ్చినప్పుడు సముద్రం ఈడ్చుకుపోయిన చొక్కాలు వారం దినాలపాటు ఒక్కొక్కటే నీళ్లు కారుతూ వచ్చాయి. కొన్నింటిని తొడుక్కునే మనుషులు మాత్రం రాలేదు.

చెల్లప్పన్ ఇంటికి గుర్తు లేదు. ఊరి బట్టలు ఉతికేవాళ్ల బట్టలకు గుర్తెందుకని ఏ తరంలోనూ పెట్టుకోలేదు.

నలభై ఇళ్లలోకీ పెద్దిల్లు అనంతరామన్‌ది. బాహూరు పక్కన చెరుకు, వరి. ఊళ్లో రెండు మిద్దెలు. ఆయన కూతురు భువనేశ్వరి వారానికి రెండుసార్లు పావడామీద వేసుకునే ఒకే వంకాయరంగు దావణిని ఉతుక్కు వేసేది. మూట విప్పితే దానికి చెమట వాసన ఉండేది కాదు, పెట్టెలోని కర్పూరం వాసనే. కట్టని బట్టను ఎందుకు వేస్తోందో సుధాకరన్‌కు మూడోవారం అర్థమైంది. ఆ దినం ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఆరిపోయేదాకా దాన్నే రుద్దుతూ నిలబడ్డాడు.

రెండేళ్లపాటు వాళ్ల ప్రేమంతా పెరటి గుమ్మంలో మూట ఇచ్చి పుచ్చుకునేంతసేపే.

"ఇన్ని మడతలేందబ్బా, విప్పేదానికే అరగంట పడతా ఉంది" అనేది ఆమె.

"విప్పినంతసేపూ తలుచుకుంటావని."

"తలుచుకోను. తిట్టుకుంటా."

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, వీరాంపట్టినం తేరు పండగకని భువనేశ్వరి కొత్తగా పచ్చ దావణి కొనుక్కుని గుర్తు కోసం పంపింది. సుధాకరన్ సూది పట్టుకుని కూర్చున్నాడు. పెద్దింటి గుర్తు పెట్టడానికి చెయ్యి రాలేదు. తమకూ ఒక గుర్తుంటే ఎట్టా ఉంటుందో చూద్దామని ఒక నెలవంక, దాని కింద చుక్క పెట్టాడు. నాయన నేర్పని గుర్తు, పేరులేని ఇంటి గుర్తు. అది పనిచేస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు.

పండగనాటి సాయంత్రం దీపాలు పెట్టే వేళకు, తేరు చూసి తిరిగొచ్చిన వ్యాను వీధిలో ఆగింది. అందరూ దిగారు. భువనేశ్వరి తన ఇంటి మెట్టుమీద కాలు పెట్టేసరికి దావణి వెనక్కి తిరిగింది. ఆమె మెట్టు దిగి, ఏదో మరిచినదానిలా సోలై నగర్ వైపు, చాకలి గుడిసెల వైపు నడవసాగింది. వీధంతా చూస్తూ ఉంది. గుర్తు లేని ఇంటివైపు దావణి తిరిగిందంటే, ఆ గుర్తు పెట్టిందెవరో, ఎందుకో అందరికీ తెలిసిపోయింది.

తల్లి జయమ్మాళ్ పరుగెత్తి చెయ్యి పట్టుకుంది. ఆపేసరికి దావణి మెడచుట్టూ బిగిసింది. పిల్ల కళ్లు తేలేసింది. చివరికి బట్టే చినిగింది. చినిగిన సగం ఎగిరిపోయి చెల్లప్పన్ దండెం మీద వాలింది. అది వాలేదాకా అనంతరామన్ కన్నార్పకుండా చూశాడు.

పదిహేను దినాల్లో విల్లుపురం సంబంధం ఖాయమైంది. అబ్బాయి శ్యామ్‌సుందర్, బియ్యం మిల్లు గలవాళ్లు. పెళ్లికూతురి చీరలకు అత్తింటి గుర్తు పుట్టింటి చాకలే పెట్టి పంపడం ఆనవాయితీ. మిల్లు వాళ్ల గుర్తు గుడ్డపీలిక మీద గీసి పంపారు: రెండు గీతలు, మధ్యలో సున్నా.

"కండ్లు కనపడవు సామీ, గీత వంకర పోతుంది" అన్నాడు చెల్లప్పన్.

"నిన్నెవురు పెట్టమనిరి? నీ కొడుకు పెడతాడు. మా పెరట్లో కూర్చుని పెడతాడు" అన్నాడు అనంతరామన్. గొంతు పెంచలేదు.

ఇరవై ఒక్క చీర. సుధాకరన్ పెరట్లో మోకాళ్లమీద కూర్చుని మొదటి చీర మూల విప్పాడు. కాపలా ఉన్న జయమ్మాళ్ పాలు పొంగితే లోపలికి పోయింది. భువనేశ్వరి వచ్చి స్తంభం పక్కన నిలబడింది. మెడమీద ఎర్రటి గీత ఇంకా మానలేదు.

"ఎవురి గుర్తు పెడతా ఉండావు?"

"వాళ్లదే, అమ్మణ్ణీ."

"అమ్మణ్ణి అంటావేంది ఇప్పుడు. దావణికి పెడితివే, అది పెట్టు. దినమూ పొద్దు గూకితే నీ కాడికి వచ్చేస్తా."

"రానిస్తారా? తలుపేస్తారు. వేస్తే ఏమయిందో చూసినావు గదా."

"బిగిస్తే బిగియనీ."

అతను తల ఎత్తలేదు. ఆ మెడవైపు చూస్తే ఆమె చెప్పినట్టే చేస్తానని భయం. లోపల జయమ్మాళ్ అడుగులు వినబడ్డాయి.

"పెడతావు కదా" అంది భువనేశ్వరి పోతూ పోతూ.

అతను గింజను నడుములో దోపుకున్నాడు. ఇస్త్రీ బొగ్గు అరగదీసిన నీళ్లలో సూది ముంచి, రెండు గీతలు, మధ్యలో సున్నా, ఇరవై ఒక్క చీరకూ గీశాడు. చూసేవాళ్లకు గుర్తే. ఒక్క ఉతుకుకు పోతుంది, ఎవరినీ ఎటూ లాగదు.

ఆమె అత్తింటికి పోయాక దినమూ దీపాలవేళ అతనికి ఒకటే ఊహ. మిల్లు ఇంటి గుమ్మంలో ఆమె నిలబడి, కుచ్చిళ్లు కదులుతాయేమోనని చూసుకుంటుంది. కదలవు. అతను మాట తప్పాడనుకుంటుంది.

ఎనిమిది నెలలకు, చిత్తిరై నెల ఎండల్లో, అనంతరామన్ ఒక్కడే వాళ్ల గుడిసెకు వచ్చాడు. చెప్పులు దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. దండెం మీది బట్టల్నీ, గుడిసె లోపలి చీకటినీ చూశాడు.

"భువన ఇక్కడికి వచ్చిందా?"

"లేదయ్యా."

"మూడు దినాలయిందిరా ఇల్లు దాటి. తన చీరలు తనే ఉతుక్కునేదంట, వాటి మూలలు ఎవురూ చూడలేదంట. వాళ్లు వెతకను కూడా లేదు. పొద్దు గూకితే చీరే తీసుకొస్తుందిలే అని కూర్చుండారంట." ఆయన దండెం మీది చీర మూలొకటి తిప్పి చూశాడు. "ఏం గుర్తు పెడితివి?"

"ఏదీ పెట్టలేదయ్యా. అది బొగ్గునీళ్లు."

కొడతాడనుకున్నాడు సుధాకరన్. అనంతరామన్ వాకిట్లోని బట్టలుతికే బండమీద కూలబడ్డాడు.

"మా ఇంటి గుర్తయినా పెట్టకపోతివా."

చెప్పుల దుమ్ము దులుపుకుని మళ్లీ అడిగాడు. "నీ కాడికి వస్తుందంటావా?"

విల్లుపురం నుంచి బస్సులో గంట దారి. "వచ్చేదయితే మొన్ననే వచ్చుండునయ్యా" అన్నాడు సుధాకరన్. ఆ మాట పైకి అన్నాకే అది అతనికి నిజమైంది. ఆమెను ఎవరూ లాగలేదు, తనూ లాగలేదు. తనకు తోచిన దోవన పోయింది. ఆ దోవలో అతని గుడిసె లేదు.

పొద్దు గూకింది. వీధిమీద బట్టలు లేచాయి. ఒక్కో చీర తేలి పోతుంటే ఇద్దరూ తలెత్తి చూశారు. ఏదీ ఇటు తిరగలేదు. అనంతరామన్ పంచె, చొక్కా ఆయన్ని ఇంటివైపు లాగడం మొదలుపెట్టాయి. ఆయన బండ అంచులు రెండు చేతులా గట్టిగా పట్టుకుని, కదలకుండా రోడ్డువైపే చూస్తూ కూర్చున్నాడు. సుధాకరన్ కాస్త ఎడంగా, నేలమీద కూర్చున్నాడు. అతన్ని ఏదీ లాగలేదు.