పూజలో పెట్టిన ఫోను

నేను ఒక సెల్‌ఫోన్‌ను. నాలో ఇప్పుడు ప్రాణం లేదు, ఛార్జింగ్ పెట్టేవాళ్లూ లేరు. అయినా నాకు అన్నీ కనిపిస్తున్నాయి. అదే నా బాధ.

పుట్టింది ఎక్కడో పెద్ద కార్ఖానాలో. చేతులకు తొడుగులు వేసుకున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. నన్ను చూసి ముచ్చటపడే తీరిక వాళ్లకు లేకపోయింది. తరవాత మంగళగిరిలో ఒక చీరల కొట్టు గుమస్తా చేతిలో పడ్డాను. ఆయన నాతో చీరల అంచులు తప్ప ఇంకేమీ ఫొటో తీసేవాడు కాదు. అంత పద్ధతైన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆయన కొత్త ఫోను కొనుక్కుని నన్ను మల్లేశ్వరికి అమ్మేశాడు.

మల్లేశ్వరి మగ్గం నేస్తుంది. కూతురు తన్మయి అప్పుడే పదో తరగతిలోకి వచ్చింది. బడివాళ్లు హోంవర్కు వాట్సాప్‌లో పెడుతున్నారని నన్ను కొంది. మంచి మార్కులొస్తే ట్రిపుల్ ఐటీలో సీటు వస్తుందనీ, పిల్ల తనలా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని బతకక్కర్లేదనీ ఆమె ఆశ. తన్మయి లెక్కల్లో దిట్ట. మొదట్లో నిజంగానే హోంవర్కు చూసుకునేది.

ఆ తరవాత పిల్ల చూపు నాలోకి దిగింది, ఇక పైకి రాలేదు. బొటనవేలితో పైకి తోస్తుంటే పాటకు పెదాలు కదిపే ముఖాలు ఒకటి పోతే ఒకటి వచ్చేవి. లెక్క సగంలో ఉండగా నేను మోగేదాన్ని. తను పెట్టిన ఫొటోకు ఎవరేమన్నారో చూసొచ్చేసరికి ఆ లెక్క ఎందాకా చేసిందో మరిచిపోయేది.

మల్లేశ్వరికి అదంతా చదువే. పిల్ల నన్ను పట్టుకోగానే చప్పుడు చేయకూడదని, చీర వెనకబడినా సరే, మగ్గం ఆపేసేది. ఇల్లంతా మూగబోయేది. చెవుల్లో పెట్టుకున్న తీగలోంచి ఎవరెవరి నవ్వులో తన్మయికి ఒక్కదానికే వినబడేవి. నాకు భయమేసేది.

దసరాల్లో సరస్వతీ పూజ వచ్చింది. ఆ రోజు పిల్లల పుస్తకాలు అమ్మవారి ముందు పెట్టి మర్నాటి దాకా ముట్టుకోరు. మల్లేశ్వరి ఆ పుస్తకాల మీద నన్నూ పెట్టి, నా కెమెరా కంటికి కుంకుమ అద్దింది. "చదువంతా దీన్లోనే ఉంది గదా," అంది. కుంకుమ మసకలో, మెసేజ్‌లు వస్తుంటే నేను అదురుతూనే ఉన్నాను. తన్మయి గడప దగ్గర కూర్చుని, నేను అదిరినప్పుడల్లా ఉలిక్కిపడింది. అమ్మవారికి పెట్టిన దండం నాకూ తగిలినట్టయి సిగ్గుతో చచ్చాను.

అర్ధ సంవత్సరం పరీక్షల్లో మార్కులు సగానికి పడిపోయాయి. లెక్కల మాస్టారు తల్లిని పిలిపించి, ఫోను తగ్గించమన్నాడు. "ఎప్పుడు చూసినా ఫోన్లో చదువుతానే ఉంటదండీ," అని ఆమె కూతుర్ని వెనకేసుకొచ్చింది. తన్మయి నేలకేసి చూస్తూ నిలబడింది.

పదో తరగతి ఫలితాలు నాలోనే వచ్చాయి. లెక్కల్లో తప్పింది. ఇక ఆ ఏడాది సీటు మాట లేదు. అప్పుడు ఏడుస్తూ తల్లికి నిజం చెప్పింది, తను అన్నాళ్లూ చూసింది చదువు కాదని. మల్లేశ్వరి పిల్ల కళ్లు తుడిచింది. నన్ను చేతిలోకి తీసుకుంది.

"నా బిడ్డకి ఇన్నాళ్లూ ఏం చెప్పావే?" అని నన్నే అడిగింది.

ఎవరేమడిగినా క్షణంలో చెప్పే నేను, అప్పుడే వచ్చిన ఎవరిదో మెసేజ్‌కు ఆమె చేతిలో మోగాను.

నన్ను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసింది. కొన్నాళ్లకు నా వెలుగు ఆరిపోయింది. పీడ విరగడైందని ఇద్దరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

ఇప్పుడు తన్మయి సప్లిమెంటరీకి చదువుతోంది. ఇవాళ పుస్తకంలో ఒక కష్టమైన లెక్క వచ్చింది. దానికేసి కాసేపు చూసింది. తరవాత బొటనవేలు పేజీ మీద ఆనించి పైకి తోసింది. లెక్క కదల్లేదు. మళ్లీ తోసింది. ఏం చేస్తోందో అప్పటికి తెలిసొచ్చి, ఆ వేలిని రెండో చేత్తో గట్టిగా అదిమి పట్టుకుని తలుపు వైపు చూసింది, అమ్మ చూడలేదు కదా అని. బీరువాలో చచ్చిపడి ఉన్నా నేను ఆ పిల్లను ఇంకా వదల్లేదు.