బంగారు మూతుల బంతి

“మూతులు కప్పేసుకుంటే ఎవులు మగపెళ్లోరో, ఎవులు ఆడపెళ్లోరో ఎలాగ తెలస్తాది?” అని అచ్చియ్యమ్మకి బెంగ పట్టుకుంది. కరోనా రెండోసారి విరుచుకుపడి ఊళ్లకి ఊళ్లు వణికిపోయినప్పుడు కూడా ఆవిడ ఇంత బెంగ పడలేదు.

అచ్చియ్యమ్మ పెళ్ళికొడుక్కి మేనత్త. మాడుగులలో హల్వా డబ్బా పట్టుకుని బస్సెక్కి, చోడవరంలో పెళ్ళికూతురు గౌతమి ఇంటికి తిన్నగా వచ్చి, ముందుగదిలో కుట్టుమిషను పక్కనే కుర్చీ వేయించుకుంది. మిషను మీద ఉన్నది గౌతమి అక్క సత్యశ్రీ. జాకెట్లకి మగ్గం వర్కు చేసే సత్యశ్రీ ఈ మధ్య మాస్కుల్లో పడింది. చీరకి మ్యాచింగు, అంచుకి జరీ, అడిగినవాళ్లకి పూసలు. మూలన మాత్రం తన గుర్తుగా ఆకుపచ్చ దారంతో వేలిగోరంత చిలక. చిలక మాస్కు లేకుండా శ్రావణమాసం పెళ్లిళ్లకి వెళ్లడం నామోషీ అనుకునేదాకా వచ్చింది వ్యవహారం.

“మావోళ్లకి బంగారు గుడ్డ పెట్టు,” అంది అచ్చియ్యమ్మ. “మీద ‘పెళ్ళికొడుకు వారు’ అని జరీతో కుట్టు. మీవోళ్లకి తెల్లగుడ్డ సాలు. ‘పెళ్ళికూతురు వారు’ అని ఏదో దారంతో కుట్టీ. వంటోడికి సెప్పేసేను. బంగారు మూతులోళ్లకే మొదటి బంతి. మిగతావోళ్లు తర్వాత.”

“అలాగే పెద్దమ్మా,” అంది సత్యశ్రీ, తల ఎత్తకుండా.

ఆ ‘తర్వాత’ ఎలా ఉంటుందో సత్యశ్రీకి బాగా తెలుసు. తన పెళ్ళిలో చూసింది. నాన్న పెదబాబు మగపెళ్ళివారి బంతులన్నీ అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడి, ఇంకో బూరె వేయించుకోమని పేరుపేరునా బతిమాలి, పొద్దు వాలాక గాడిపొయ్యి పక్కన చల్లారిన సాంబారన్నం నిలబడే తిన్నాడు. తలుపు సందులోంచి అది చూసిన సత్యశ్రీకి ఒంటి మీద పట్టుచీర ముళ్లకంపలా అనిపించింది. బియ్యం ఆయనవి, నెయ్యి ఆయనది, పిల్ల ఆయనది. విస్తరి మాత్రం అందరికంటే ఆఖరిది. ఆ కోపం ఆమెకి ఇంకా చల్లారలేదు.

చెల్లి పెళ్ళిలో నాన్న మొదటి బంతిలో కూర్చోవాలి. వేడన్నంలో నెయ్యి వేయించుకుని తృప్తిగా తినాలి. సత్యశ్రీకి కావలసింది ఇంతే. అడిగితే నాన్న ఒప్పుకోడు, అచ్చియ్యమ్మ అసలే ఒప్పుకోదు. కాబట్టి అడగడం మానేసింది.

మాస్కన్నాక లోపల ఒక గుడ్డ వేయాలి కదా! నాన్న తెల్ల మాస్కుకి లోపలి వైపు బంగారు గుడ్డ వేసింది. దాని మీద కూడా జరీతో ‘పెళ్ళికొడుకు వారు’ అని కుట్టి, మూలన ఇంకో చిలకని వాలించింది. తిప్పి పెట్టుకుంటే పెదబాబు మగపెళ్ళివారిలో కలిసిపోతాడు. కానీ ఒక్కణ్ణే కూర్చోమంటే ఆయన చచ్చినా కూర్చోడు. తమ్ముళ్లు, బావమరుదులు పక్కనుంటే కాస్త ధైర్యం వస్తుంది. అందుకని ఆడపెళ్ళివారి మాస్కులన్నీ అలాగే కుట్టేసింది. లోపలి జరీ గీరుకుని పాపం అందరికీ దురద పెడుతుందేమో అనిపించింది గానీ, మనసు రాయి చేసుకుంది.

పెళ్ళి రోజు కల్యాణమండపం గుమ్మంలో అచ్చియ్యమ్మ తనే నిలబడి, సత్యశ్రీ లోపలి వైపు కనపడకుండా మడిచి తెచ్చిన మాస్కులు పంచింది. బంగారు మూతులు కుడివైపు, తెల్ల మూతులు ఎడమవైపు. ఆవిడ మనసు కుదుటపడింది. కాసేపయ్యాక మాత్రం ఎడమవైపు చూసి మొహం చిట్లించింది.

“మీవోళ్లందరూ మూతులు గోక్కుంటన్నారేటే?”

“మావోళ్లకి మాస్కులు అలవాటు లేదు పెద్దమ్మా,” అంది సత్యశ్రీ.

తలంబ్రాలు మొదలవుతుంటే సత్యశ్రీ తన మేనత్త చిన్నారి పక్కన చేరి చెవిలో ఒక్క మాట ఊదింది. చిన్నారి చెవిలో పడితే చాలు, మైకు అక్కర్లేదు. తలంబ్రాలు అయ్యేసరికి ఆడపెళ్ళివారంతా చేతులు కడుక్కునే వంకతో కుళాయిల దగ్గరికి వెళ్లారు. తెల్లగా వెళ్లినవాళ్లు బంగారంగా తిరిగొచ్చారు. అప్పటికి అచ్చియ్యమ్మ ఆడపెళ్ళివారు పెట్టిన పెట్టుబడి చీరల అంచులు పట్టి చూసే పనిలో మునిగిపోయి ఉంది.

ఇక మిగిలింది పెదబాబు. “నాన్నా, మాస్కు మాసిపోనాది, ఇలా తే,” అని సత్యశ్రీ ఆయన మాస్కు తిప్పి తొడిగేసి, చెయ్యి పట్టుకుని భోజనాల హాలు వైపు లాగింది.

“వియ్యాలోరు తినకుండా నేను కూకుంతానేటి? తప్పు కాదూ!”

“నువ్వు పక్కన కూకోపోతే ముద్ద ముట్టమంతన్నారు నాన్నా ఆళ్లు. మరి మన మర్యాద ఏటవుతాది?”

మర్యాద అనగానే పెదబాబు కదిలాడు. మర్యాద కోసం ఆయన పస్తుండగలడు. ఈసారి భోజనం చెయ్యమంటే అదీ చేస్తాడు.

వంటల హరిబాబుది అనకాపల్లి. ఇక్కడ ఎవరు ఎవరో అతనికి తెలియదు. మూతి చూసి కూర్చోబెట్టమన్నారు, మూతి చూసి కూర్చోబెట్టాడు. విస్తళ్లన్నీ నిండిపోయాయి. పప్పు, వంకాయ కూర, పులిహోర, బూరెలు వరసగా వచ్చి పడ్డాయి. మాస్కులు ఒక చెవి నుంచి ఊడి రెండో చెవికి వేలాడాయి. పెదబాబు విస్తట్లో అన్నం పొగలు కక్కుతోంది. గుమ్మం దగ్గర నిలబడి సత్యశ్రీ ఆ పొగనే చూస్తోంది.

సరిగ్గా అప్పుడే అచ్చియ్యమ్మ వచ్చింది. తన కోసం ఒక్క విస్తరీ ఖాళీ లేదు. బంతి పొడుగునా చూసుకుంటూ నడిచి, పెదబాబు దగ్గర ఆగిపోయింది. ఆయన చెవికి వేలాడుతున్న మాస్కు ఫ్యాను గాలికి అటూ ఇటూ తిరుగుతోంది. ఓసారి ‘పెళ్ళికొడుకు వారు’, ఓసారి ‘పెళ్ళికూతురు వారు’. రెండు వైపులా చిలకే.

“ఇదేటిది?” అంది అచ్చియ్యమ్మ. హాలంతా నమలడం ఆపేసింది.

పెదబాబుకి ఏం జరిగిందో అర్థం కాలేదు గానీ, తప్పు తనదేనని మాత్రం అర్థమైపోయింది. “ఏటో పొరపాటైపోనాది వదినా. నువ్వు కూకో, నేను తర్వాత తింతాను,” అంటూ నేల మీద చెయ్యి ఆనించి లేవబోయాడు. సత్యశ్రీకి ఏడుపొచ్చినంత పనైంది. ఇంత కుట్టుడూ కుట్టి, చివరికి నాన్న తనంతట తనే లేచిపోతున్నాడు.

“అన్నం వడ్డించేసేనమ్మా,” అన్నాడు హరిబాబు, గరిటె పట్టుకుని నీళ్లు నములుతూ. “ఇస్తరి ముందు కూకున్న మనిషిని లేపడమంటే...”

అతను పూర్తి చెయ్యలేదు. చెయ్యక్కర్లేదు. ఆనవాయితీ అంటే ప్రాణం పెట్టే అచ్చియ్యమ్మ ఆనవాయితీ దగ్గరే ఇరుక్కుపోయింది. విస్తరి వైపు చూసింది, పెదబాబు వైపు చూసింది. తర్వాత ఆయన భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కి కూర్చోబెట్టింది.

“అన్నం ముందు లెగుస్తావేటి బావా? కూకో!” హరిబాబు మీదకి తిరిగింది. “సూస్తావేటి? మా బావకి నెయ్యి ఎయ్యి!”

నెయ్యి పడింది. పెదబాబు బిక్కుబిక్కుమంటూ మొదటి ముద్ద కలిపాడు. రెండో ముద్దకి బిక్కుతనం పోయింది.

అచ్చియ్యమ్మ సత్యశ్రీ జబ్బ పట్టుకుని వంటశాల వెనక్కి లాక్కుపోయింది. సత్యశ్రీ అన్నిటికీ సిద్ధపడింది. తిడితే పడాలి, చెల్లిని మాత్రం ఏమీ అనొద్దని అడగాలి.

అచ్చియ్యమ్మ తన మాస్కు తీసి తిరగేసి చూసుకుంది. లోపల వట్టి తెల్ల గుడ్డ.

“నాదానికి ఎనకాల ఏటీ కుట్టనేదు,” అంది నిష్ఠూరంగా.

“నీకెందుకు పెద్దమ్మా? నువ్వు మగపెళ్లోళ్ల మనిషివి కదా!”

“ఈయాల మగపెళ్లోళ్లమే.” ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “మాఘమాసంలో మా సిన్నగుంట ఝాన్సీ పెళ్లి. మగపెళ్లోరు దేవరాపల్లోళ్లు. ఆళ్ల మేనత్త ఉంది సూడు, దాని ముందు నేనెంత! ఇలాంటి మాస్కులే మాకూ కుట్టాల. ఎవులికీ సెప్పకు.”

సత్యశ్రీకి నవ్వాలో వద్దో తెలియలేదు.

“మా పెద్దగుంట పెళ్లిలో మా ఆయన, మీ పెదనాన్న, పొద్దుగూకినాక తిన్నాడే,” అంది అచ్చియ్యమ్మ, మాస్కు మళ్లీ చెవులకి తగిలించుకుంటూ. “ఆయన మాస్కుకి జరీ కాస్త ఎక్కువ పెట్టు. ఆయనదీ మీ నాన్న లాగే, ఊరికే లెగిసి నిలబడిపోయే రకం.”

హాల్లోంచి పెదబాబు గొంతు వినపడింది. ఇంకో బూరె వెయ్యమని అడుగుతున్నాడు.