వీపు మీద అంకె

నేను ఒక స్పీకరును. నల్ల చెక్క పెట్టె, సన్నటి ఒళ్లు, ముందు బూడిదరంగు గుడ్డ. ఎవరెవరి పాటలో, వార్తలో నా నోట పలుకుతాయి గాని నా మాట ఒక్కటీ పలకదు. నాకో కవల ఉండేది. పదేళ్లు ఒకే పాట పాడాం, గదిలో ఆ మూల అది, ఈ మూల నేను.

మమ్మల్ని కొన్నది విజయనగరంలో సన్యాసిరావుగారు. సినిమాహాల్లో ముప్ఫై ఏళ్లు ఆపరేటరు. హాలు మూతపడ్డాక ఊరుకోలేక రెండేళ్లు కూర్చుని సొంత చేతులతో గాజు వాల్వుల ఆంప్లిఫయరు, అంటే పాటకు బలమిచ్చే పెట్టె, కట్టారు. రెండే వాట్లు. ఇరవై వాట్లతో తొమ్మిది వందల సీట్లకు పాట వినిపించిన మనిషి, ఇంటికి రెండు చాలవా అనుకున్నారు. మమ్మల్ని మాత్రం అందం చూసి తెచ్చారు. మనుషులు దేన్నైనా ముందువైపే చూస్తారు.

పాట పెట్టారు. భార్య సూరమ్మగారు వంటింట్లోంచి వచ్చి నిలబడ్డారు.

"ఏటండీ, జొరమొచ్చినోడు పాడినట్టుంది?"

ఆయన శబ్దం ఇంకా పెంచారు. పాట బొంగురుపోయి గరగరలాడింది.

తప్పు నాది. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరానికి ఎంత గట్టిగా పలుకుతామో చెప్పే అంకె ప్రతి స్పీకరుకూ ఉంటుంది. సినిమాహాల్లో తెర వెనక ఉండే హారన్ స్పీకరుది నూట రెండు డెసిబెల్స్, నాది ఎనభై రెండు. తేడా ఇరవయ్యేగా అనకండి, ఈ లెక్కలో ప్రతి పదికీ పదింతలు. దాని ఒక్క వాటుకు సాటి రావాలంటే నాకు వంద వాట్లు కావాలి. ఆ అంకె నా వీపు మీదే అచ్చేసి ఉంది, గోడవైపు. ఆయన తిప్పి చూడలేదు, తప్పు తను కట్టినదానిదే అనుకున్నారు.

"నా సేతిలో పనితనం పోయిందే, సూరమ్మా," అన్నారాయన.

మర్నాడు ఆంప్లిఫయరు విప్పేసి, వాల్వులు కాగితాల్లో చుట్టి అటకెక్కించారు. మళ్లీ సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోలేదు. బజారు నుంచి వంద వాట్ల ఆంప్లిఫయరు డబ్బా వచ్చింది. నేను ఇల్లు అదరగొట్టాను. ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు. ఆయన తల వంచుకుని వినేవారు. నాకు ఏడుపొచ్చేది. లోకంలో అందరి మాటా చెప్పినదాన్ని, "మీ చేయి మంచిదేనండీ" అని ఆ ఒక్కమాట చెప్పలేకపోయాను.

ఆయన పోయారు. కవలను ఎవరో పట్టుకుపోయారు. ఇప్పుడు పాతసామాన్ల కొట్లో నా ముఖం గోడకు, వీపు వీధికి. వచ్చేపోయే వాళ్లందరికీ ఎనభై రెండు కనిపిస్తూనే ఉంటుంది. చదవాల్సిన ఆ ఒక్కరూ లేరు.