మూడో తునక

జానయ్యకు పొద్దున లేస్తే రెండే పనులు. తోటల బత్తాయి చెట్లకు నీళ్లు పారుతున్నయా లేదా సూసుడు ఒకటి. మొలతాడుకు కట్టుకున్న మడత చాకు ఇప్పి గడప రాయి మీద నాలుగు సార్లు నూరుడు ఇంకొకటి. చెరువుగట్టు జాతరల పది రూపాయలకు కొన్న చాకు అది. ఎర్ర ప్లాస్టిక్ పిడి, వదులైన మేకు, జర వంకర పోయిన మొన. దాన్ని జేబుల ఏస్కుంటే జేబుకే సిగ్గయితది.

దేవరకొండ దగ్గర ఆ ఊర్లె అసొంటి చాకులు ఇంటికొకటి ఉంటయి. పోతే పోతయి, మళ్ల జాతరకు ఇంకోటి కొంటరు. జానయ్య చాకుకు మాత్రం ఒక గుణం ఉండె. ఒక్క కోత పెడితే చాలు, ఆ కాయల ఎంతమందికి హక్కుంటే అన్ని తునకలయ్యి పడేది. జోకినట్టు సమానంగ. ఏడుగురు కలిసి కొన్న పుచ్చకాయ ఒక్క కోతకు ఏడు తునకలయ్యేది. ఊర్లె ఎవ్వరూ దీన్ని వింతగ సూడలె. పంచుకునేది ఏమన్న ఉంటే జానయ్య ఇంటికి వచ్చి చాకు తీస్కపోయేటోళ్లు. పనైనంక కడిగి తెచ్చి ఆయన ముంగట కింద పెట్టేటోళ్లు. చాకు చేతి నుంచి చేతికి ఇస్తే కొట్లాటలొస్తయని ఆ దిక్కు అందరికీ తెలుసు. ఒకసారి చిన్న కొడుకు వెంకటేశ్, కోడలు రమ ఇద్దరే కూసోని ఒక జామకాయ కోసుకుంటే మూడు తునకలైంది. జానయ్య ఓరకంట సూసి, "రేపు కోడలు పిల్లను దవాఖానకు తీస్కపోరా" అన్నడు. అంతే ముచ్చట.

పెద్ద కొడుకు సతీశ్ చౌటుప్పల్‌ల ప్లాట్లు అమ్మిపెట్టేటోడు. ఒకనాడు నడుముకు చిన్న తోలు సంచి తగిలిచ్చుకోని వచ్చిండు. అండ్ల ఫారిన్ చాకు. మూడున్నర వేలట. ఒక్క పిడిల కత్తెర, గోళ్లు తీసేది, సీసా మూత తీసేది, పండ్ల సందుల కుచ్చుకునే పుల్ల కూడా ఉన్నయి. వెంకటేశ్ సూస్తనని చెయ్యి సాపితే, "మరకలు పడ్తయిరా" అని ఎనుకకు తీసుకున్నడు.

"బాపూ, ఇంకెన్నేండ్లు కోస్తవే గా పది రూపాయల దానితోని? నీకు గిసొంటిది తెస్త," అన్నడు.

"నాకెందుకురా? పోతే పోయింది అనుకునేదే చేతిల మంచిగ ఆడ్తది. ఖరీదుది ఉంటే ధ్యాస పని మీద ఉండదు, దాని మీదనే ఉంటది. వచ్చినకాడికెల్లి దాన్ని తుడుసుడే గని, ఒక్క కాయన్న కోసినవా?"

సతీశ్ చాకు మడిచి మళ్ల సంచిల పెట్టుకున్నడు. ఒక్కటి కూడా కొయ్యలె గద.

బోర్లు ఎండి తోట సగం మాడిపోయిన ఏడే జానయ్య కూడా పోయిండు. దినాలైనంక వెంకటేశ్ మిగిలిన చెట్ల నుంచి నాలుగు బత్తాయిలు తెంపుకొచ్చి, బాపు చాకుతోని ఒకటి కోసిండు. కూసున్నది అన్నదమ్ములిద్దరే. కాయ మూడు తునకలైంది. ఆ మూడోది ఎవరిదో ఇద్దరికీ ఎరుకే. ఇద్దరి నడుమ పుట్టిన ఆడిబిడ్డ యాదలక్ష్మిది. చౌటుప్పల్‌ల ఒక మందుల కంపెనీల సీసాలు కడుగుతది. మొగడు రాజేందర్ నడుము ఇరిగి మంచంలనే ఉంటడు. మంచం పట్టిన మనిషిని సూసి ఎవ్వరూ ఎక్కువ దినాలు ఉండనియ్యరు. ఆరేండ్లల్ల ఏడు కిరాయి అర్రలు మారింది ఆమె.

"గీ చాకు పాడైంది. ఇంట్ల వాడకుండ్రి," అన్నడు సతీశ్. తోలు సంచిల నుంచి తనది తీసి ఇంకో కాయ కోసిండు. సక్కగ రెండు తునకలైంది, అండ్ల ఒకటి జర పెద్దది. పెద్దది ఆయనే తిన్నడు. అన్ని పైసలు పెట్టి కొన్న చాకు కొన్నోని మాట ఇనకుంటే ఎట్ల మరి?

రమ మాత్రం మామ చాకును పారెయ్యలె. వంటింట్ల దాన్నే వాడుకుంట వచ్చింది. తోట కాయ కోసినప్పుడల్ల ఆ మూడో తునక తినబుద్ధి గాక గూట్ల పెట్టేది. అది అక్కడనే ఎండేది.

మూడేండ్లకు ఆ తోట పక్కకెల్లి కొత్త రోడ్డు పడ్తదని మాట పుట్టింది. పనికిరాని భూమికి ఒక్కసారే రెక్కలొచ్చినయి. సతీశ్ బేరం తెచ్చిండు. అమ్మాలంటే ముగ్గురికీ వాటా పెట్టాలె, లేదంటే నాకొద్దని యాదలక్ష్మి రాసియ్యాలె. గప్పుడు యాదికొచ్చింది అన్నకు చెల్లె. ఫోన్ చేసి, "ఒడిబియ్యం పోస్తం చెల్లె, రా" అన్నడు.

పెండ్లయిన ఆడిబిడ్డను పుట్టింటికి పిలిచి, కొంగు పట్టమని పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు పోసి, కొత్త చీర పెట్టి పంపుడే ఒడిబియ్యం. యాదలక్ష్మికి పోసి ఎనిమిదేండ్లు దాటింది. తోటి ఆడోళ్లు అడిగితే, వచ్చే ఏడు పోస్తరట అని చెప్పీ చెప్పీ నోరు నొచ్చింది. అందుకే పని బంద్ పెట్టి, మొగనికి పక్కింటి జంగమ్మ అన్నం పెట్టేటట్టు మాట్లాడుకోని బస్సెక్కింది. బస్సుల ఒక్కతే నవ్వుకుంట కూసున్నది, పిచ్చిది.

రమ దోసిళ్లతోని బియ్యం పోసింది. పోసుకుంటనే నాలుగు బత్తాయిలు, వాటి నడుమ ఎర్ర పిడి చాకు కూడా కొంగుల ఏసి, పైన బియ్యం కప్పి గట్టిగ ముడేసింది.

"వదినె, అది మామది. నీకాడ ఉండనీ," అన్నది మెల్లగ.

తినుడు అయినంక సతీశ్ కారు తాళాలు తీసిండు. "పా చెల్లె, మండలాఫీసుకు పోయొద్దాం. ఒక్క సంతకం."

"ఏం సంతకమన్నా?"

"భూమి నాకొద్దని. ఆడిబిడ్డవు, నీకు భూమెందుకు? చీర పెట్టినం, బియ్యం పోసినం. పుట్టిల్లు ఉండాల్నో వద్దో నువ్వే సూస్కో."

యాదలక్ష్మి ఒడిల బియ్యం దిక్కు సూసింది. ఎనిమిదేండ్లకు పిలుస్తే ఎందుకు పిలిచిండ్రో అప్పుడు సమజైంది. అయినా, "సరే అన్నా" అన్నది. ఆమెకు పుట్టిల్లే కావాలె. లేనోళ్లను అడిగితే తెలుస్తది పుట్టిల్లంటే ఏందో.

ఆఫీసు వరండల బల్ల మీద వెంకటేశ్‌తోని కలిపి ముగ్గురు కూసున్నరు. లోపల కాయితాలు తయారైతున్నయి. సతీశ్ తన చాకుతోని సోడా మూత తీసుకోని తాగుతున్నడు. ఎండకు యాదలక్ష్మి నాలుక పీక్కపోతాంది. ముడి సందుల నుంచి ఒక బత్తాయి, దాని ఎంబడి చాకు తీసింది. చిన్నప్పుడు బాపు కోసి పెడ్తే నలుగురు తిన్న తీరు యాదికొచ్చి, ముగ్గురం తిందామని ఒక్క కోత పెట్టింది. మూడు తునకలు ఆమె అరిచెయ్యిల పడ్డయి.

"మనం ముగ్గురం ఉన్నం గదా, గందుకే," అన్నది నవ్వుకుంట.

వెంకటేశ్ తల కిందికేసుకున్నడు. "మేం ఇద్దరం ఉన్నా మూడే అయితదక్కా."

"ఎప్పటి సంది?"

"బాపు పోయినప్పటి సంది."

"మరి నా తునక ఏం చేస్తుంటిరి?"

"రమ గూట్ల పెడ్తది. ఎండిపోతది."

యాదలక్ష్మి రెండు తునకలు బల్ల మీద పెట్టి, తనది నోట్ల ఏసుకున్నది. బాపు చెట్టు కాయ. మూడేండ్ల నుంచి ఈ రుచి తనదేనని తెల్వక, కిరాయి అర్ర ఖాళీ చెయ్యమన్నోళ్ల కాళ్లు పట్టుకున్నది తను. రసం మింగి మూతి తుడుసుకున్నది.

లోపలికెల్లి పిలిచిండ్రు. ఆమె లేవలె.

"నేను సంతకం పెట్టనన్నా. నా తునక నాకియ్యండ్రి," అన్నది.

ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటరు. సతీశ్ మొఖం ఎర్రబడ్డది. "పుట్టింటి బియ్యం ఒడిల పెట్టుకోని పుట్టింటి మీదనే కూసుంటవా? అయితే మా బియ్యం మాకియ్యి," అని, ఆ మూడున్నర వేల చాకుతోని కొంగు ముడి మీద ఒక్క గీత గీసిండు. మస్తు తెగింది. కొత్త చీర కొంగు, ముడి, అన్ని ఒక్క గీతకే తెగినయి. పసుపు బియ్యం వరండ అంత పడ్డది, మూడు బత్తాయిలు దొర్లుకుంట మెట్లు దిగిపోయినయి. పోసిన ఒడిబియ్యం ఎనుకకు అడిగినోన్ని ఆ మండలంల ఎవ్వరూ సూసి ఉండరు. సతీశ్ చాకు తుడుసుకోని, సంచిల పెట్టుకోని కారెక్కిండు. వెంకటేశ్ కొద్దిసేపు నిలవడ్డడు. తర్వాత ఆయన కూడా పోయి కార్ల కూసున్నడు.

యాదలక్ష్మి కింద కూసోని, మట్టి లేనికాడికి బియ్యం ఎత్తుకున్నది.

ఆఫీసుల సుట్టు తిరుగుడు చానా అయింది గని, ఆఖరికి భూమి మూడు వాటాలయ్యే అమ్ముడుపోయింది. తన వాటతోని యాదలక్ష్మి చౌటుప్పల్ అవతల చిన్న జాగ కొని, రేకుల అర్ర ఒకటి ఏసుకున్నది. ఇగ రాజేందర్ మంచాన్ని ఎత్తమనేటోడు లేడు. ఇంట్లకు పోయేనాడు, ఏరి దాచుకున్న ఆ ఒడిబియ్యం కడిగి వండింది. అవి వండితే పుట్టింటోళ్లను పిలువాలె. సతీశ్‌కు ఫోన్ చేస్తే ఎత్తలె. వెంకటేశ్ ఎత్తి, "అన్న వద్దన్నడక్కా" అన్నడు. జంగమ్మ వచ్చి తిని పోయింది. పొద్దూకేదాక యాదలక్ష్మి గడపల కూసోని రోడ్డు దిక్కే సూసింది.

ఆఖరికి లేచి, మార్కెట్ల కొన్న బత్తాయి ఒకటి తీసి కోసింది. నాలుగు తునకలైంది.

రాజేందర్ మంచంల నుంచి సూసిండు. "ఉన్నది మనిద్దరమే గద. గా రెండు ఎవరికే?"

"మా అన్నకు, తమ్మునికి."

"వస్తరా?"

"రారు."

ఒకటి మొగని నోట్ల పెట్టింది, ఒకటి తను తిన్నది. మిగిలిన రెండు గూట్ల పెట్టి, చాకు కడిగి మడిచి కొంగుకు కట్టుకున్నది. మూడోనాటికి అవి ఎండినయి. ఆమె వాటిని తీసి, ఆ పొద్దు కోసిన కాయల నుంచి ఇంకో రెండు పెట్టింది.