పది లక్షల ఒకటి

ఇత్తడి రేకు మీద చివరి అంకె కొట్టేటప్పుడు సుత్తి వాలుగా పడింది. ఆ ఒకటి పక్కకి ఒరిగిపోయింది.

నీటి మీటర్ల కార్ఖానాలో జుట్టు నెరిసేదాకా వరస సంఖ్యలు కొడుతూ వచ్చిన ఆ మనిషిని అందరూ భాగహారం అంటారు. పొద్దున కొట్టే మొదటి సంఖ్యను మనసులో ఒక్కో చిన్న సంఖ్యతో భాగిస్తాడు. శేషం మిగలకుండా విరిగిందా, హాయిగా సుత్తి అందుకుంటాడు. విరగని సంఖ్యతో మొదలైన రోజు ఇంటికి ఏదో మూడుతుందని అతని భయం. తల్లి పోయింది అలాంటి రోజునే. ఏమీ జరగని రోజులు అతనికి గుర్తుండవు, అది వేరే సంగతి.

నిన్న సాయంత్రం పది లక్షల దగ్గర పని ఆపారు. ఇవాళ మొదటిది పది లక్షల ఒకటి. మూడుతో మొదలుపెట్టి తొంభై ఏడు దాకా వచ్చాడు. దేనికీ లొంగలేదు. వంద దాటి భాగించే ఓపిక అతనికి ఏనాడూ లేదు, ఎప్పుడూ అక్కడే ఆగుతాడు. భార్యేమో ఆసుపత్రిలో ఉంది. గుండె బాగా బలహీనపడిందని, ఏమీ చెప్పలేమని డాక్టర్ అన్నాడు. ఈ ఒక్క సంఖ్య వదిలేద్దామని మేస్త్రీని బతిమాలాడు. వరస తప్పితే తన ఉద్యోగం ఊడుతుందని మేస్త్రీ నవ్వేశాడు.

పాడైన రేకును జేబులో వేసుకుని ఇంకోటి కొట్టాడు. ఆ తర్వాత ఆఫీసు గదిలో ఫోన్ మోగినప్పుడల్లా సుత్తి ఆపి అటే చూశాడు.

సాయంత్రం ఆసుపత్రి మెట్ల మీద ఆగిపోయాడు. తీరా వార్డులోకి వెళ్తే ఆమె దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. అతని ముఖం చూడగానే ఆమెకు అర్థమైంది.

"విరగలేదా?"

తల అడ్డంగా ఊపి, రేకు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నూటొకటితో చూశారా?"

లేదన్నాడు.

"నిన్న పది లక్షల దగ్గర ఆపామని చెప్పి మీరు వెళ్లిన దగ్గర్నుంచీ నాకు అదే పని. చూడండి, విరుగుతుంది. మీరెప్పుడూ సగం దారిలోనే భయపడిపోతారు."

దుప్పటి మీద వేలితో రాసుకుంటూ భాగించాడు. తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి వచ్చింది. శేషం లేదు. నమ్మలేక మళ్లీ చేశాడు. శేషం లేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పొద్దుటి నుంచీ బిగబట్టిన ఊపిరి అప్పటికి వదిలాడు. రాత్రుళ్లు లేని నిద్ర ఒక్కసారిగా ముంచుకొచ్చింది. మంచం అంచుకు తల ఆనించాడు. ఆమె అతని జుట్టు నిమురుతూ ఉంది.

నర్సు భుజం తట్టి లేపింది. బాధేమీ పడలేదని, నిద్రలోనే పోయిందని మెల్లగా చెప్పింది.

"విరిగింది కదమ్మా," అన్నాడు అతను.

నర్సుకు ఆ మాట అర్థం కాలేదు. అతని భార్య గుప్పిట విప్పి, అందులో ఉన్నది తీసి అతని చేతికిచ్చింది. చివరి ఒకటి ఒరిగిపోయిన ఆ ఇత్తడి రేకు ఇంకా వెచ్చగానే ఉంది.