తుప్పు మరక

ఒక చేత్తో కొలిమి తిత్తి లాగుతూ, రెండో చేత్తో బస్సు బరువు మోసే కమాను పట్టీని నిప్పుల్లో తిప్పుతున్నాడు పీర్ మహమ్మద్. కనుబొమలు ఏనాడో మాడిపోయాయి. అరచేతులు కాయలు కాసి మొద్దుబారాయి. ఆత్మకూరులో బస్సుల కమాన్లు కట్టేది అతనే. మెచ్చుకున్నవాడు లేడు, తిట్టనివాడూ లేడు.

ఈరోజు పని మీద మనసు నిలవడం లేదు. చెవులు రెండూ ఉదయగిరి బస్సు మీదే ఉన్నాయి. నిరుడు ఆ దారిలోనే, తను వంచి కట్టిన పట్టీ విరిగి బస్సు బోల్తా పడింది. డ్రైవరు రహమతుల్లా చనిపోయాడు. అతను పీర్ మహమ్మద్ భార్య మస్తాన్బీకి ఒక్కగానొక్క తమ్ముడు. పట్టీలో ముందే పగులుందా, తను నిప్పుల్లో పెట్టిన కాకే తప్పిందా? ఆనాటి నుంచి తిన్న అన్నం ఒంటబట్టలేదు.

జవాబు చెప్పగలవాడు ఉదయగిరి కుర్రవాడు మాల్యాద్రి ఒక్కడే. బెంగుళూరులో డాక్టరు పట్టా కోసం చదువుతున్నాడు. కరెంటు పుట్టించే అణుశక్తి కొలిమికి వాడే ఉక్కు ఎలా విరుగుతుందన్నది అతని పరిశోధన. "ఇనుముకు జొరమొస్తే సూదేస్తాడంట!" అని బజారంతా నవ్వింది. పీర్ మహమ్మద్ నవ్వలేదు. కిందటి సెలవుల్లో మాల్యాద్రి చెప్పిపోయాడు: "విరిగినచోట ముట్టుకోవద్దు మామా. పాత పగులైతే తుప్పు మరక ఉంటాది. ఈసారి భూతద్దం తెచ్చి చూస్తా." అప్పటినుంచి ఆ విరిగిన పట్టీ ముక్క నూనెగుడ్డలో, దూలం మీద భద్రంగా ఉంది.

బస్సొచ్చింది. మాల్యాద్రి దిగాడు. పీర్ మహమ్మద్ ఆత్రంగా గుడ్డ విప్పాడు. విరిగిన ముఖం కొత్త చెంబులా మెరుస్తోంది.

"ఇదేంది! ఎవురు తోమినారు?"

"నేనే" అంది మస్తాన్బీ గడపలోంచి. "చింతపండేసి, ఇటిక పొడితో."

మాల్యాద్రి భూతద్దం పెట్టి, ఎండకు తిప్పి చూశాడు. "ఇంక చెప్పలేను మామా. మరకుంటే అదీ పోయింది."

పీర్ మహమ్మద్ సుత్తి విసిరికొట్టాడు. "నీకు బుద్ధుండాదా? ముట్టుకోవద్దని చెప్పినానా లేదా?"

"చెప్పినావు. అందుకే తోమినా." "తమ్ముడు ఎట్నూ పాయె. నీ తప్పేనని తేలితే, నీకు కూడెట్లా పెట్టేది నేను?"

అయినా అతని కోపం చల్లారలేదు. ఇంతకీ ఎవరి తప్పో తెలియకుండానే చావాలి కాబోలు, ఛీ, ఏం బతుకిది!

మాల్యాద్రి సాయంత్రం బస్సులో వెళ్లిపోయాడు. పీర్ మహమ్మద్ కొలిమి ఆర్పి, చేతులు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. మస్తాన్బీ వడ్డించింది. బయట ఇనుము సాగగొట్టే దాగలి మీద ఆ ఇనుప ముక్క, చీకటి పడుతున్నా, ఇంకా మెరుస్తూనే ఉంది.