వెనక్కి నడిచే ఉప్పు బండి

పెద్దమ్మగూడెంలోకి బండి తొలిసారి వెళ్లిన రోజు, ఊళ్లో పలకరించడానికి ఒక్క మనిషి లేడు. పొయ్యి మీద జొన్న గటక కుతకుత ఉడుకుతోంది. ఎవరిదో చెప్పు ఒకటి వాకిట్లో ఉంది, రెండోది బాట మీద పడి ఉంది. దశరథం బండి దిగి, "ఉప్పొచ్చిందమ్మా, ఉప్పు!" అని కేక పెట్టాడు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఉప్పు కోసం మొహం వాచిన ఊరికి ఆరు బస్తాలు తెచ్చి, ఒక్క దోసెడైనా అమ్మకుండా తిరిగి రావడం ఆయన పాతికేళ్ల వ్యాపారంలో అదే మొదలు.

"ఊరంత ఏడికి పోయిందిరా?" అన్నాడు డ్రైవరు కురుమయ్యతో.

"మనల్ని జూసే ఉరికిన్రు సేటు. అగో, ఆ ఆముదపు చేన్ల ఉన్నరు. ఆకులు కదులుతలేవా?"

"నన్ను జూస్తె కుక్క గూడ మొరగదు గదరా!"

"నిన్ను జూసి గాదు, గీ మూతిని జూసి." కురుమయ్య చెయ్యి బయటికి చాపి బండి ముందరి రేకును తట్టాడు. "రజాకార్లను ఎక్కిచ్చుకొని దొర రెండు మాట్ల గీ ఊరికొచ్చిండు. తోల్కొచ్చింది నేనే."

ఇన్ని లెక్కలు వేసిన దశరథం, ఆ ఒక్క లెక్క వేయలేదు.

కల్వకుర్తిలో ఉప్పూ బెల్లమూ అమ్మే మనిషి ఆయన. పోలీసు చర్య ముగిసింది, దొర పట్నంలోనే ఉండిపోయాడు, దొర కారు కొట్టంలో గడ్డి కింద పడి ఉందని తెలిసి దశరథం అగ్గువకు కొన్నాడు. డ్రైవరు కురుమయ్య కూడా కారుతో పాటే వచ్చాడు. కమ్మరి ఎల్లస్వామి చేత వెనక సీట్లు పీకించి, పైకప్పు సగానికి కోయించి, అక్కడ చెక్క తొట్టి బిగించాడు. భార్య భద్రమ్మ చూసి, "తోక కోసిన కోడి తీర్గ గిదేందయ్యా!" అని నవ్వింది. జనం దానికి మొండికారు అని పేరు పెట్టారు.

నవ్వేవాళ్లను నవ్వనిచ్చాడు దశరథం. బాదేపల్లి స్టేషనులో దిగిన ఉప్పు ఎడ్లబండి మీద గుట్టల కింది ఊళ్లకు చేరేసరికి మూడు రోజులు. నడుమ వాన పడితే బెల్లం పాకమై కారిపోతుంది. లారీ అయితే నిండా సరుకు లేనిదే కదలదు, కదిలినా వాగు దగ్గర ఆగిపోతుంది. ఈ మొండికారు ఆరు బస్తాలతో ఎడ్లబండి పోయే ప్రతి బాటలోనూ పోతుంది. పొద్దున పోయి, వచ్చేటప్పుడు ఆముదాలో పల్లికాయో వేసుకుని, పొద్దు గూకకముందే ఇల్లు చేరుతుంది. కారు ఉన్నోళ్ల సోకుకు, లారీ పెద్ద మండీకి. ఆ రెంటి నడుమ ఉన్న జాగా అంతా ఖాళీగా ఉందని ఆయన కనిపెట్టాడు. అప్పటికే దేవరకొండ పొగాకు వ్యాపారి ఒకడు, అచ్చంపేట చింతపండు వ్యాపారి ఒకడు వచ్చి తొట్టి కొలతలు తీసుకుపోయారు. కొట్టాల్లో మూలుగుతున్న దొరల కార్లు ఇంకా రెండున్నాయని ఎల్లస్వామి చెప్పాడు. అయిదేళ్లలో తాలూకాకు ఇరవై మొండికార్లు తిరుగుతాయని దశరథం లెక్క.

కానీ సరుకు కొనేవాళ్లు బండిని చూసి పారిపోతే ఆ లెక్కలన్నీ ఎందుకు? రంగు మార్పించాడు. రంగు మారినా ఆ రెండు పెద్ద దీపాలు, ఆ వెడల్పు మూతి అట్లాగే ఉన్నాయి. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అవుతూనే ఉన్నాయి.

దారి బోడగుట్టలో దొరికింది, అదీ అనుకోకుండా. ఆ ఊరికి నిటారు ఎక్కుడు. మూతి పైకి లేస్తే పెట్రోలు ఇంజనుకు అందక బండి ఆగిపోతోంది. కురుమయ్య బండిని తిప్పి, వెనక్కి వెనక్కి నడిపిస్తూ గుట్ట ఎక్కించాడు. రాళ్ల చాటు నుంచి చూస్తున్న జనానికి ముందు కనబడింది తొట్టి, తొట్టిలో ఉప్పు బస్తాలు. మొదట ఒక ముసలమ్మ వచ్చింది. తర్వాత ఊరంతా వచ్చింది. ఆరు బస్తాలూ గంటలో ఖాళీ.

మర్నాటి నుంచి ఎత్తయినా పల్లమయినా ప్రతి ఊళ్లోకీ బండి వెనక్కే వెళ్లేది. ఊరికి ముందు మలుపులో దశరథం తలుపు మీద రెండుసార్లు తట్టేవాడు, కురుమయ్య బండి తిప్పేవాడు. పెద్దమ్మగూడెం కూడా అట్లాగే లొంగింది. ఆ ఊళ్లో మొదట బయటికి వచ్చిన నర్సింగమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని, "ఏందయ్యా షావుకారీ, కొత్త కోడలి తీర్గ ముఖం జూపియ్యవా?" అంది. బస్తాలు దించడానికి తన తమ్ముడు మారయ్యను పిలిచింది. మారయ్య ఎర్రజెండా సంఘంలో తిరిగే పిల్లగాడని దశరథం చూడగానే పసిగట్టాడు. ఏమీ అడగలేదు. అడగనివాడే ఎక్కువ రోజులు వ్యాపారం చేస్తాడని ఆయన నమ్మకం.

అడగకపోయినా భయం పోలేదు. అడవి అంచున దళం మనిషి ఆపి, "పోలీసు క్యాంపుకు ఏం మోస్తున్నవ్?" అనేవాడు. రెండు మైళ్లు పోయాక పోలీసు ఆపి, "దళానికి ఏం మోస్తున్నావు?" అనేవాడు. ఇద్దరికీ అదే ఉప్పు చూపించేవాడు. ఇంటికి చేరాక కంచంలో చెయ్యి పెట్టబుద్ధి అయ్యేది కాదు.

చలికాలంలో ఒక మధ్యాహ్నం, క్యాంపు నుంచి పిలుపు వచ్చింది. దొర గడీలోనే క్యాంపు. కోస్తా వైపు నుంచి వచ్చిన పోలీసు అమీను కుర్చీలో ఉన్నాడు. పక్కన దొర గుమాస్తా రఘుపతి పంతులు నిలబడి ఉన్నాడు.

"దశరథం, నీ బండి ఎనక్కి నడుస్తదంట గదయ్యా," అన్నాడు రఘుపతి నవ్వుతూ. "ఊర్లకు ఊర్లే ఎదురొస్తయంట."

"గుట్ట ఎక్కనీకి పంతులూ... ముందటికెల్లి పోతే పెట్రోలు అందదు."

"పెద్దమ్మగూడెంల గుట్ట ఏడుందయ్యా?"

అమీను లేచాడు. "రేపు నీ తొట్టిలో ఉప్పు వద్దు. మావాళ్లు ఆరుగురు, ఈ పంతులు గోనె పట్టాలు కప్పుకుని పడుకుంటారు. రోజూ వెళ్లినట్టే వెనక్కి వెళ్లు. బస్తా దించడానికి మారయ్య వస్తాడు. మిగతా పని మాది. వాడు గానీ తప్పించుకుంటే..." అని ఆగి, బూటు కాలితో దశరథం పాదం మీద మెల్లగా తొక్కి నిలబడ్డాడు.

మర్నాడు బండి బయలుదేరింది. వెనక ఏడుగురు మనుషులు గోనెల కింద, ఊపిరి కూడా వినబడకుండా. ముందు దశరథం, కురుమయ్య. దశరథం లెక్క వేయబోయాడు. వెనక్కి వెళితే మారయ్య దొరుకుతాడు. సాయంత్రానికి ఆ కబురు చుట్టూ నలభై ఊళ్లకు పాకుతుంది. తొట్టిని చూసినా జనం ఉరుకుతారు. నాలుగు రోజుల్లో ఏదో ఒక మలుపులో దళం బండి ఆపుతుంది, ఈసారి ఉప్పు చూపిస్తే వదలదు. ముందుకు వెళితే క్యాంపు ఈ పూటే ప్రాణం తీస్తుంది. ఏ లెక్క చేసినా చివర తన శవమే తేలింది. నడుమ నర్సింగమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడినట్టు కనబడింది.

ఎండిన వాగు మలుపు వచ్చింది. కురుమయ్య బండి నెమ్మది చేసి ఆయన వైపు చూశాడు. తట్టాల్సిన చోటు అదే. దశరథం చెయ్యి తలుపు మీదే ఉంది. వేళ్లు లేవలేదు. లేపకూడదనుకున్నాడో, లేపలేకపోయాడో ఆ క్షణంలో ఆయనకే తెలియదు.

"సేటూ," అన్నాడు కురుమయ్య పెదవులు కదపకుండా.

దశరథం ముందరి అద్దంలోంచి సూటిగా చూస్తూ ఉండిపోయాడు.

కురుమయ్య బండిని తిప్పకుండా ముందుకే వదిలాడు. బండి మలుపు దాటి, వెడల్పు మూతితో, రెండు దీపాలతో తిన్నగా ఊరి మీదికి పోయింది. ఎక్కడో ఒక ఆడమనిషి కేక. తలుపులు దడదడ కొట్టుకున్నాయి. ఆముదపు చేలో గాలి లేకుండానే ఆకులు ఊగాయి. గోనెల కింద ఉన్నవాళ్లకు ఊరు కనబడదు, చప్పుడు మాత్రమే తెలుస్తుంది. వాళ్లు తుపాకులతో దూకేసరికి ఊళ్లో కోళ్లు తప్ప ఏమీ లేవు.

రఘుపతి దశరథం చొక్కా పట్టుకుని బయటికి లాగాడు. "ఎందుకు తిప్పలేదురా? ఎవనికి సైగ జేసినవ్?"

"భయమైంది పంతులూ. చెయ్యి లేవలే." అది నిజమే కాబట్టి గొంతులో అబద్ధం వినబడలేదు.

"నువ్వెందుకు తిప్పలేదురా?" అని కురుమయ్య మీదికి వెళ్లాడు.

"సేటు తడ్తెనే తిప్పుత. తట్టకుంటె నాకేం దెలుస్తది?"

ఇద్దరినీ గడీకి తీసుకుపోయి పొద్దు గూకేదాకా కొట్టారు. దశరథం ధోవతి తడిసింది. దాన్ని చూసి పోలీసులు నవ్వారు. వీడు సైగ చేసే మొనగాడు కాదు, వట్టి పిరికి కోమటి అన్నాడు అమీను. ఆ నవ్వే ఆయన ప్రాణం కాపాడింది. బండిని మాత్రం వదల్లేదు. అమీను తొట్టి చుట్టూ తిరిగి, చెక్కలు తట్టి, "ఆరుగురు హాయిగా పడతారు, ఏ సందులోకైనా దూరుతుంది. ఇలాంటివి ఇంకో రెండు కావాలి," అన్నాడు. ఆ చెక్కల్ని అట్లా తట్టి చూసిన మూడో గిరాకీ ఆయన. తన లెక్క తప్పలేదని, అచ్చంగా తాను అనుకున్నంత గిరాకీ ఉందని దశరథానికి అర్థమైంది.

తెల్లవారి వదిలేశారు. కురుమయ్య కుంటుతూ, దశరథం వాచిన కంటితో నడుస్తుంటే పెద్దమ్మగూడెం దగ్గర ఆముదపు చేలోంచి నర్సింగమ్మ బాటకు అడ్డంగా వచ్చింది. చేతిలో కొడవలి ఉంది.

"నిన్న మూతి ముందట వెట్టుకొని ఎందుకొచ్చినవ్ షావుకారీ?"

మీ తమ్మున్ని కాపాడనీకే అనే మాట దశరథం నోటిదాకా వచ్చింది. ఆ మాటకు ఈ ఊళ్లో ఎంత విలువ పలుకుతుందో ఆయనకు తెలుసు. సాయంత్రానికి అది క్యాంపు చేరుతుందనీ తెలుసు. పైగా అది నిజమో కాదో తనకే తెలియదు.

"భయమైంది," అన్నాడు.

ఆమె ఆయన కంటిని, కురుమయ్య కాలిని చూసింది. కొడవలి కొంగులో చుట్టుకుంది.

"బండేది?"

"గుంజుకున్నరు."

"మరి ఉప్పు?"

"ఎడ్లబండి మాట్లాడుత. మూడు దినాలు వడ్తది." ఆగి, గొంతు తగ్గించాడు. "బస్తా దించనీకి నువ్వే రా అమ్మా. ఇంకెవల్నీ పిలువకు."

నర్సింగమ్మ తల ఊపింది. "మూడు దినాలు సప్పటియే తింటం. బాట మీద పోకున్రి, పొద్దుగాల్నే జీపొకటి పోయింది. చేన్ల వడి పోన్రి." అని, ఆముదపు మొక్కల్ని చేత్తో పక్కకు వంచి దారి చూపించింది.